సంపులో సెన్సరు, ఓపెన్‌బీఎస్‌డీ మీద రస్ట్: ప్రాజెక్టు డైరీ

పని: బెంగళూరు మారతహళ్లి దగ్గర ఒక అపార్ట్‌మెంటు సంపులో నీటి మట్టాన్ని కొలవాలి. ట్యాంకరు వచ్చి వెళ్లాక ఎన్ని లీటర్లు పడిందో అంకెల్లో చూపాలి. సంపు లోపలి కొలత 4 మీటర్లు × 3 మీటర్లు. అంటే 12 చదరపు మీటర్లు, మట్టం ఒక్క మిల్లీమీటరు పెరిగితే 12 లీటర్లు. 12,000 లీటర్ల ట్యాంకరు ఖాళీ చేస్తే నీరు సరిగ్గా ఒక మీటరు పైకి రావాలి. 8,000 లీటర్లకు 66.7 సెంటీమీటర్లు, 6,000కు 50. 2024 మార్చిలో బెంగళూరు నగర జిల్లా యంత్రాంగం ధరలు కట్టింది కూడా ఈ మూడు సైజులకే. 5 కిలోమీటర్ల లోపు 12,000 లీటర్లకు 1,000 రూపాయలు, 5 నుంచి 10 కిలోమీటర్లకు 1,200. లీటర్లకు డబ్బు కడుతున్నప్పుడు లీటర్లను కొలవడం న్యాయం.

సామాను: ఎస్పీ రోడ్డులో (బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు) దొరికే పాత థింక్‌ప్యాడ్ ఎక్స్220 (4 జీబీ ర్యామ్, 128 జీబీ ఎస్ఎస్‌డీ), ఏ02వైవైయూడబ్ల్యూ అనే వాటర్‌ప్రూఫ్ అల్ట్రాసోనిక్ సెన్సరు, సీపీ2102 చిప్ ఉన్న యూఎస్‌బీ సీరియల్ అడాప్టరు, 3 మీటర్ల షీల్డెడ్ కేబులు. పాత ల్యాప్‌టాప్ ఎందుకంటే కరెంటు పోయినా బ్యాటరీ లాగుతుంది, వేరే యూపీఎస్ అక్కర్లేదు.

ఆపరేటింగ్ సిస్టమ్ ఓపెన్‌బీఎస్‌డీ (యూనిక్స్ కుటుంబానిది), ప్రోగ్రామింగ్ భాష రస్ట్. పంపు గదిలో ఏడాది పొడవునా ఎవరూ ముట్టుకోని మిషన్‌కు ఓపెన్‌బీఎస్‌డీ చాలా తగినది. వెబ్ సర్వరు, ఫైర్‌వాల్, ప్రోగ్రాముకు కళ్లెం వేసే ప్లెడ్జ్, అన్‌వెయిల్ అన్నీ బేస్‌లోనే (సిస్టమ్‌తో పాటే వచ్చే భాగంలో) ఉంటాయి. చిక్కంతా రస్ట్ వైపునుంచే. రస్ట్ లెక్కలో ఓపెన్‌బీఎస్‌డీది మూడో తరగతి, అంటే రస్ట్ ప్రాజెక్టు దానికోసం రెడీమేడ్ బైనరీలు ఇవ్వదు.

రోజు 1: ఇన్‌స్టాల్

ఏఎండీ64 (64-బిట్ ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్లకు) ఇమేజ్‌ను పెన్‌డ్రైవులోకి ఎక్కించి, డిస్కు భాగాలకు ఆటో లేఅవుట్ ఎంచుకుంటే సరిపోతుంది. ఈథర్‌నెట్ కేబులు మాత్రం చేతిలో ఉండాలి. ఈ ల్యాప్‌టాప్ వైఫైకి కావాల్సిన ఫర్మ్‌వేర్ లైసెన్సు కారణాల వల్ల ఇన్‌స్టాల్ మీడియాలో రాదు, నెట్ దొరికాక ఎఫ్‌డబ్ల్యూ_అప్‌డేట్ అనే ఆజ్ఞ దాన్ని తెచ్చుకుంటుంది.

ఇన్‌స్టాలర్ ఏ సెట్లు (ఫైళ్ల కట్టలు) కావాలని అడిగినప్పుడు, చిన్న మిషనే కదా అని కాంప్ సెట్‌ను తీసేయకండి. సీ కంపైలరు సామగ్రి, హెడర్లు, లైబ్రరీలు అందులో ఉంటాయి. రస్ట్ కోడ్ అంతా కంపైల్ చేసి, చివర లింకు చేయడానికి సీసీని పిలుస్తుంది. ఆ సెట్ లేకపోతే లింకు దగ్గర ఎర్రరుతో ఆగిపోతుంది. తీసేసి ఉంటే రస్ట్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసి లాభం లేదు. అదే విడుదల కాంప్ ఫైలును తెచ్చి, రూట్ డైరెక్టరీలో టార్‌తో విప్పితే ఆ చిక్కు తీరుతుంది.

మూత మూస్తే మిషన్ నిద్రపోతుంది. సిస్‌కంట్రోల్.కాన్ఫ్‌లో మ్యాష్‌డెప్.లిడ్‌యాక్షన్‌ను 0 చేయాలి.

ప్రాసెసరులో రెండు కోర్లు, నాలుగు థ్రెడ్లు ఉన్నా సిస్టమ్ రెండే వాడుతుంది. భద్రత కోసం హైపర్‌థ్రెడింగ్‌ను 6.4 విడుదల నుంచి డిఫాల్టుగా ఆపేశారు. రస్ట్ బిల్డ్ సాధనం కార్గో కూడా ఒకేసారి రెండు పనులే నడుపుతుంది. హెచ్‌డబ్ల్యూ.ఎస్ఎంటీని 1 చేసే వీలుంది కానీ కంపైల్ కాస్త తొందరగా అవడం కోసం ఆ రక్షణను వదులుకోవడం ఈ మిషన్‌కు తగదు. అలాగే ఉంచాం.

రోజు 2: రస్ట్

రస్ట్ నేర్పే ప్రతి పాఠం రస్టప్‌తో (రస్ట్‌ను ఇన్‌స్టాల్ చేసే అధికారిక సాధనం) మొదలవుతుంది. ఇక్కడ ఆ దారి లేదు. బేస్‌లో కర్ల్ ఉండదు (హెచ్‌టీటీపీఎస్ ఫైళ్లను తేవడానికి ఎఫ్‌టీపీ అనే ఆజ్ఞే చాలు). కర్ల్ తెచ్చుకున్నా ఈ సిస్టమ్‌కు బైనరీలు లేవు గనక స్క్రిప్టు అక్కడే ఆగుతుంది. లైనక్స్ మిషన్ మీద రస్టప్‌తో ఓపెన్‌బీఎస్‌డీ టార్గెట్‌ను చేర్చుకుందామంటే దానికి స్టాండర్డ్ లైబ్రరీ కూడా రెడీగా దొరకదు. లైనక్స్‌కు కట్టిన బైనరీని నేరుగా తెచ్చి నడపడం అసలే కుదరదు, లైనక్స్ ఎమ్యులేషన్‌ను 2016లో 6.0 విడుదలతోనే తీసేశారు.

సరైన దారి ఒక్క లైను: డూయాజ్ పీకేజీ_యాడ్ రస్ట్ (డూయాజ్ రూట్ హక్కులిస్తుంది, పీకేజీ_యాడ్ ప్యాకేజీని తెస్తుంది). కార్గో కూడా ఇందులోనే వస్తుంది. కోడును తీర్చిదిద్దే రస్ట్‌ఎఫ్ఎంటీ, తప్పులు చూపే క్లిప్పీ, ఎడిటరుకు సాయపడే అనలైజర్‌లు వేరే ప్యాకేజీలు. రస్ట్-రస్ట్‌ఎఫ్ఎంటీ, రస్ట్-క్లిప్పీ అని విడివిడిగా అడగాలి. కార్గో ఎఫ్ఎంటీ అనగానే 'అలాంటి ఆజ్ఞ లేదు' అని వస్తే కంగారు అక్కర్లేదు, ఆ ప్యాకేజీ లేదని అర్థం.

ఇతరుల ప్రాజెక్టులు తెచ్చుకుని కట్టేటప్పుడు ఇంకొకటి గుర్తుండాలి. వాటిలో కొన్నింటిలో రస్ట్-టూల్‌చెయిన్ అనే ఫైలు ఉంటుంది. దాన్ని చదివేది రస్టప్, కార్గో కాదు. కాబట్టి ఆ ఫైలులో ఏ వెర్షన్ రాసి ఉన్నా ఇక్కడ ఉన్న ఒక్క రస్టే నడుస్తుంది. కార్గో పక్కన ప్లస్ గుర్తుతో నైట్‌లీ (రోజువారీ ప్రయోగ వెర్షన్) అని రాసే అలవాటు కూడా పనిచేయదు.

రస్ట్ ఆరు వారాలకొకసారి కొత్త వెర్షన్ వదులుతుంది. ఓపెన్‌బీఎస్‌డీ ఆరు నెలలకొకసారి. ఈ తేడా మూడో నెల నుంచి కనిపిస్తుంది: కొత్త క్రేట్ (రస్ట్ లైబ్రరీ) ఒకటి చేర్చగానే, నీ రస్ట్ పాతది అని కార్గో నిరాకరిస్తుంది. రస్ట్ 1.84 నుంచి దీనికి మంచి మందు ఉంది. ప్రాజెక్టు కార్గో.టోమ్ల్‌లో రస్ట్-వెర్షన్ రాసి, రిజాల్వర్‌ను 3 చేస్తే, మన కంపైలరుకు సరిపోయే పాత క్రేట్ వెర్షన్లనే కార్గో వెతికి పెడుతుంది.

ఎడిటరు సంగతి. బేస్‌లోని వీఐకి యూటీఎఫ్-8 రాదు. సోర్సులో 'లీటర్లు' అని తెలుగులో రాస్తే అక్షరాల బదులు బైట్ల కోడ్‌లు కనిపిస్తాయి. పీకేజీ_యాడ్ విమ్ అంటే ఏ రకం కావాలని అడుగుతుంది, ఎక్స్ లేనిది ఎంచుకోండి. అయినా కన్సోలు ఫాంటులో తెలుగు లేదు. ఎస్ఎస్‌హెచ్ ద్వారా తెలుగు చూపగల వేరే మిషన్ నుంచి రాయడమే సుఖం.

రోజు 3: మెమరీ లేదంటుంది, ర్యామ్ ఖాళీగా ఉంటుంది

మొదట అనుకున్న పద్ధతి: మట్టం మారినప్పుడల్లా హెచ్‌టీటీపీఎస్ ద్వారా బయటికి పంపడం. దానికి రిక్వెస్ట్ క్రేట్ చేర్చాం. అది ఒక్కటే రాదు, వెంట పెద్ద పెళ్లిబృందమే దిగుతుంది. రిలీజ్ బిల్డ్ సగంలో 'మెమరీ కేటాయింపు విఫలం' అంటూ కంపైలరు అబార్ట్ అయింది. టాప్‌లో (మెమరీ వాడకం చూపే ఆజ్ఞ) చూస్తే ర్యామ్ ఇంకా ఖాళీగానే ఉంది.

కారణం ర్యామ్ కాదు, లాగిన్ క్లాసు (యూజర్ల గుంపుకు పెట్టే హద్దులు). ఓపెన్‌బీఎస్‌డీ ప్రతి ప్రాసెస్ డేటా సైజుకు హద్దు పెడుతుంది. యూలిమిట్ -డీ అంటే 15,72,864 అని వచ్చింది. అది కిలోబైట్లలో, అంటే 1,536 ఎంబీ. ఎల్‌టీఓ (లింకు దశలో మొత్తం కోడును మెరుగుపరచడం) పెట్టి, కోడ్‌జెన్ యూనిట్లు (కంపైలరు కోడును విడగొట్టే ముక్కలు) ఒకటికి దించిన బిల్డ్ ఈ హద్దును సులువుగా దాటుతుంది. ఆ షెల్లుకు మాత్రమే అయితే యూలిమిట్‌తోనే పెంచుకోవచ్చు. శాశ్వతంగా కావాలంటే ఈటీసీలోని లాగిన్.కాన్ఫ్‌లో స్టాఫ్ విభాగంలో డేటాసైజ్-కర్‌ను 3072ఎం చేయాలి. పక్కన లాగిన్.కాన్ఫ్.డీబీ అనే ఫైలు ఉంటే క్యాప్_ఎంకేడీబీ మళ్లీ నడపాలి, లేకపోతే సిస్టమ్ పాత డీబీనే చదువుతూ ఉంటుంది. తర్వాత పూర్తిగా లాగౌటై మళ్లీ రావాలి. టీమక్స్‌లో తెరిచి ఉన్న పాత షెల్లులో పరీక్షిస్తే మార్పు కనిపించదు.

మెమరీ గట్టెక్కాక హెచ్‌టీటీపీఎస్‌కు కావాల్సిన ఓపెన్‌ఎస్ఎస్ఎల్-సిస్ క్రేటు దగ్గర ఆగింది. ఓపెన్‌బీఎస్‌డీ బేస్‌లో ఉండేది ఓపెన్‌ఎస్ఎస్ఎల్ కాదు, 2014లో దాని నుంచి విడిపోయిన లిబ్రెఎస్ఎస్ఎల్. ఈ క్రేటు తనకు తెలిసిన లిబ్రెఎస్ఎస్ఎల్ వెర్షన్ల జాబితా పెట్టుకుని, దానికి మించినది కనిపిస్తే బిల్డ్‌ను ఆపేస్తుంది. సిస్టమ్ అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు నిన్నటి కోడు కట్టబడకపోవడానికి సాధారణంగా కారణం ఇదే. కార్గో అప్‌డేట్‌తో ఆ ఒక్క క్రేటును కొత్తది చేస్తే చాలావరకు తీరుతుంది.

ఇక్కడ ఆగి దారి మార్చాం. బయటికి పంపడం మానేసి, మట్టాన్ని ఒక చిన్న హెచ్‌టీఎంఎల్ ఫైలుగా వార్ డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూ కింద హెచ్‌టీడాక్స్‌లో రాస్తే, బేస్‌లోని హెచ్‌టీటీపీడీయే అపార్ట్‌మెంటు వైఫైలో అందరికీ చూపిస్తుంది. క్రేట్ల జాబితాలో మిగిలింది లిబ్‌సీ (సిస్టమ్ సీ ఫంక్షన్లను రస్ట్‌కు అందించేది) ఒక్కటే. మద్దతు తక్కువున్న సిస్టమ్‌లో ప్రతి క్రేటూ 'ఇది లైనక్సే' అనే ఊహను మోసుకొస్తుంది. ఆ ఊహలను ఒక్కొక్కటిగా సరిదిద్దే కన్నా, స్టాండర్డ్ లైబ్రరీతో, సిస్టమ్ ఇచ్చే సీ ఫంక్షన్లతో నేరుగా పని చేసుకోవడం తక్కువ శ్రమ. బిల్డ్ సెకన్లలోకి వచ్చింది.

రోజు 4: సెన్సరు వైర్లు

ఎరుపు 5 వోల్టులకు, నలుపు గ్రౌండుకు, తెలుపు (సెన్సరు పంపేది) అడాప్టరు ఆర్‌ఎక్స్‌కు (అందుకునే పిన్ను). పసుపు వైరును ఎక్కడా కలపలేదు. దాన్ని వదిలేస్తే సెన్సరు తనలో తాను సరిచూసుకున్న నిలకడైన విలువ పంపుతుంది.

అడాప్టరు గుచ్చగానే డీమెసేజ్‌లో (కెర్నలు సందేశాల జాబితా) యూఎస్‌ఎల్‌కామ్0, దాని మీద యూకామ్0 కనిపించాలి. సీహెచ్340 చిప్ అయితే యూసీహెచ్‌కామ్, ఎఫ్‌టీడీఐ అయితే యూఎఫ్‌టీడీఐ. ఏదైనా డ్రైవరు వెతుక్కునే పని లేదు. పోర్టుకు రెండు పేర్లుంటాయి: టీటీవైయూ0, సీయూఏయూ0. మొదటిది తెరిస్తే క్యారియర్ సిగ్నలు వచ్చేదాకా ఓపెన్ కాల్ దగ్గరే నిలబడిపోతుంది. మూడు వైర్ల సెన్సరుకు ఆ సిగ్నలే లేదు, ఎప్పటికీ రాదు. సీయూఏయూ0నే తెరవాలి. నడిపే యూజరు డయలర్ గ్రూపులో ఉండాలి.

సెన్సరు 9,600 బాడ్‌లో నాలుగేసి బైట్లు పంపుతుంది: 255, దూరంలో పై బైటు, కింది బైటు, మొత్తం. ఉదాహరణకు 255, 7, 161, 167. దూరం 7×256+161 = 1,953 మిల్లీమీటర్లు. సరిచూపు: 255+7+161 = 423, అందులోంచి 256 తీస్తే 167.

రస్ట్ కొత్తవాళ్లు తట్టుకునే మొదటి రాయి ఈ కూడికే. మూడూ యూ8 రకం (0 నుంచి 255 దాకా పట్టేది). మామూలు ప్లస్‌తో కూడితే డీబగ్ బిల్డ్‌లో 'కూడికలో ఓవర్‌ఫ్లో' అని పానిక్ అవుతుంది. అదే కోడు రిలీజ్ బిల్డ్‌లో మాట్లాడకుండా చుట్టుకుని, యాదృచ్ఛికంగా సరైన జవాబే ఇస్తుంది. ఇక్కడ చుట్టుకోవడమే మన ఉద్దేశం కాబట్టి ర్యాపింగ్_యాడ్ అని రాయాలి. రెండు బిల్డ్‌లూ ఒకేలా నడుస్తాయి, చదివేవాడికి ఉద్దేశమూ తెలుస్తుంది.

255 కనిపించగానే ఫ్రేము మొదలని నమ్మకూడదు. 2,047 మిల్లీమీటర్ల దూరానికి ఫ్రేము 255, 7, 255, 5. మధ్యలో చదవడం మొదలుపెడితే రెండో 255 మొదలులా కనిపిస్తుంది, దాని తర్వాతి 5 కూడా పై బైటుగా నమ్మదగ్గదే (ఈ సెన్సరు హద్దు 4,500 మిల్లీమీటర్లు, పై బైటు 17 దాటదు). మొత్తం సరిచూస్తేనే దొంగ దొరుకుతుంది: 255+5+255కు 3 రావాలి, అక్కడ ఉన్నది తర్వాతి ఫ్రేములోని 7. మొత్తం కుదరకపోతే నాలుగు బైట్లూ పారేయకుండా ఒక్క బైటు జరిగి మళ్లీ చూడాలి.

రోజు 5, 6: మాయమవుతున్న బైటు

ఈ రెండు రోజులు ఒకే తప్పు మీద పోయాయి. లక్షణాలు ఇవి. దూరం 1,300 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే ప్రోగ్రాముకు ఏమీ రాదు, చదువుతూ నిలబడి ఉంటుంది. 1,150 దగ్గర బైట్లు వస్తాయి కానీ ఫ్రేముకు మూడే.

కేబులు, సోల్డరు, అడాప్టరు మార్చినా అదే. తప్పు వైర్లలో లేదు. ఓపెన్‌బీఎస్‌డీ సీరియల్ పోర్టును తెరిచినప్పుడు అది టెర్మినల్‌లా ప్రవర్తిస్తుంది, అవతల మనిషి కీబోర్డు మీద టైపు చేస్తున్నాడన్నట్టు. ఎంటర్, అంటే బైటు 10, వచ్చేదాకా లైనును దాచి ఉంచుతుంది. అందుకే 1,300 దగ్గర మౌనం. ఇక 1,024 నుంచి 1,279 మిల్లీమీటర్ల మధ్య పై బైటు 4. టెర్మినల్ భాషలో 4 అంటే కంట్రోల్-డీ. అప్పటిదాకా దాచిన బైట్లను ప్రోగ్రాముకు ఇచ్చేసి, ఆ 4ను తాను మింగేస్తుంది. అందుకే మూడు బైట్లు. 127 వస్తే బ్యాక్‌స్పేస్, ముందు బైటును చెరిపేస్తుంది. 13 వస్తే 10గా మారుస్తుంది. 17, 19 వస్తే ప్రవాహం నడిపే, ఆపే గుర్తులుగా తీసుకుంటుంది. పైగా ఎకో ఉంటుంది కాబట్టి వచ్చిన బైట్లన్నీ తిరిగి సెన్సరు వైపు పోతాయి. పసుపు వైరు కలపనందుకు అక్కడ చెడుపు జరగలేదు.

ఎస్‌టీటీవై ఆజ్ఞతో ముందే రా మోడ్ (బైట్లను ముట్టుకోకుండా ఇచ్చే పద్ధతి) పెట్టేద్దామనుకుంటే ఫలితం నిలవదు. పోర్టును చివరిగా తెరిచినవాళ్లు మూయగానే సెట్టింగులు మొదటికొస్తాయి. ఎస్‌టీటీవై పని ముగించి పోర్టు మూసేసిన క్షణంలోనే అది రాసింది పోతుంది. ప్రోగ్రామే చేసుకోవాలి.

లిబ్‌సీ క్రేటులో కావాల్సినవన్నీ ఉన్నాయి. వరుస ఇది: ఓపెన్‌ఆప్షన్స్‌తో పోర్టు తెరవడం, టీసీగెట్‌ఆట్ర్‌తో ఉన్న సెట్టింగులు తీసుకోవడం, సీఎఫ్‌మేక్‌రా, సీఎఫ్‌సెట్‌స్పీడ్ 9,600, సీ-ఫ్లాగులకు సీలోకల్, సీరీడ్ చేర్చడం, వీమిన్ 0, వీటైమ్ 20, చివర టీసీసెట్‌ఆట్ర్. వీటైమ్ లెక్క సెకనులో పదో వంతు, కాబట్టి 20 అంటే 2 సెకన్లు. సెన్సరు ఊడిపోతే రీడ్ ఎప్పటికీ వేలాడకుండా 2 సెకన్లకు 0 బైట్లతో తిరిగొస్తుంది. రీడ్_ఎగ్జాక్ట్ దాన్ని ఫైలు అయిపోయినట్టు ఎర్రరుగా చెబుతుంది. ఆ ఎర్రరును 'సెన్సరు పలకడం లేదు' అని పేజీలో రాస్తాం. పాత మట్టాన్నే చూపుతూ కూర్చోవడం కన్నా ఇది మేలు.

అన్‌సేఫ్ కోడు (రస్ట్ తాను భద్రత చూడలేనిది) ఈ ఒక్క ఫంక్షన్‌లోనే, ఇరవై లైన్ల లోపే ఉంది. ప్రతి కాల్ ఇచ్చిన విలువ -1 అవునో కాదో చూసి లాస్ట్_ఓఎస్_ఎర్రర్‌గా మార్చడం మరవకూడదు. ఈ పనంతటికీ టెర్మియోస్, యూకామ్ మాన్యువల్ పేజీలు చాలు. మిషన్‌లోనే ఉంటాయి, నెట్ లేకపోయినా చదవచ్చు.

రోజు 7: కళ్లెం

ప్రోగ్రాముకు కావాల్సింది ఒక పోర్టు, ఒక డైరెక్టరీ. అన్‌వెయిల్‌తో హెచ్‌టీడాక్స్ కింద సంపు డైరెక్టరీని మాత్రమే చదవడం, రాయడం, సృష్టించడం అనే అనుమతులతో తెరిచి, ప్లెడ్జ్‌లో (చేయబోయే పనులకు ముందే ఇచ్చే వాగ్దానాలు) ఎస్‌టీడీఐఓ, ఆర్‌పాత్, డబ్ల్యూపాత్, సీపాత్ అని ఇచ్చాం. ఈ రెండూ లిబ్‌సీ క్రేటులో ఉన్నాయి. సీ తరహా స్ట్రింగులకు రస్ట్ 1.77 నుంచి సీ అక్షరం ముందు పెట్టి కోట్లలో రాస్తే చాలు.

వరుస తప్పితే ప్రోగ్రాము అక్కడికక్కడే చస్తుంది. టీసీసెట్‌ఆట్ర్‌కు టీటీవై అనే వాగ్దానం కావాలి. అది లేకుండా ప్లెడ్జ్ తర్వాత పిలిస్తే కెర్నలు అబార్ట్ చేసి, ఏ వాగ్దానం లేదో డీమెసేజ్‌లో రాస్తుంది. కాబట్టి ముందు పోర్టు తెరిచి సెట్టింగులన్నీ ముగించి, తర్వాతే ప్లెడ్జ్. అయితే అడాప్టరును పీకి మళ్లీ పెడితే పోర్టును కొత్తగా తెరవాలి, అప్పటికి ఆ హక్కులు లేవు. దీనికి తెలివైన కోడు రాయలేదు. చదవడంలో పోర్టు ఎర్రరు వస్తే ప్రోగ్రాము ఆగిపోతుంది. ప్రతి నిమిషం క్రాన్ (వేళకు ఆజ్ఞలు నడిపేది) నుంచి సర్వీసు నడుస్తోందో లేదో చూసే ఆర్‌సీ‌సీటీఎల్ చెక్ నడిపి, ఆగి ఉంటే మళ్లీ మొదలుపెడతాం.

సర్వీసు ఫైలు ఈటీసీ ఆర్‌సీ.డీలో నాలుగైదు లైన్లు. మన ప్రోగ్రాము తనంతట తాను బ్యాక్‌గ్రౌండులోకి పోదు కాబట్టి ఆర్‌సీ_బీజీ=యెస్ ఉండాలి, లేకపోతే బూట్ అక్కడే నిలబడుతుంది. డీమన్_యూజర్‌గా షెల్ లేని, డయలర్ గ్రూపులో ఉన్న కొత్త యూజరు.

పేజీని నేరుగా రాస్తే సగం రాసినప్పుడు ఎవరైనా తెరవొచ్చు. తాత్కాలిక ఫైలులో రాసి రీనేమ్ చేయాలి, రెండూ అదే డైరెక్టరీలో ఉండాలి. హెచ్‌టీఎంఎల్‌లో యూటీఎఫ్-8 అని మెటా ట్యాగు పెట్టకపోతే ఫోన్లలో తెలుగు పిచ్చి గీతలుగా వస్తుంది.

సమయం: రస్ట్ స్టాండర్డ్ లైబ్రరీకి స్థానిక సమయం రాయడం రాదు. లాగులో యూనిక్స్ సెకన్లే రాసి, చూడాలనుకున్నప్పుడు డేట్ -ఆర్‌తో మార్చుకుంటున్నాం. దీనికోసం ఇంకో క్రేటు అక్కర్లేదు.

రోజు 8: సంపు మీద

మూత కింద బిగించగానే మట్టం ఎంతున్నా 620 మిల్లీమీటర్లే చూపింది. ఈ సెన్సరు శబ్దం 60 డిగ్రీల కోణంలో విచ్చుకుంటుంది. 2 మీటర్ల లోతున చుట్టూ 1.15 మీటర్ల దాకా వ్యాపిస్తుంది. గోడకు దిగేందుకు పెట్టిన ఇనుప మెట్టు ఒకటి ముందే ప్రతిధ్వని ఇస్తోంది. మెట్లకు ఎదురుగా 70 సెంటీమీటర్లు జరిపి బిగిస్తే పోయింది.

ట్యాంకరు పైపు పడుతున్నప్పుడు నీరు అలలతో ఊగుతుంది, ఆ అంకెలు లెక్కలోకి తీసుకోకూడదు. 30 సెకన్ల రీడింగుల్లో మధ్య విలువ తీసుకుంటున్నాం. సగటు కాదు, ఒక్క తప్పుడు ప్రతిధ్వని సగటును లాగేస్తుంది. పైపు తీశాక పది నిమిషాలు ఆగి చివరి కొలత. ఆ సమయమంతా పైట్యాంకు మోటారు ఆపి ఉంచాలి, లేకపోతే పడిన నీటిలోంచి ఎక్కించిన నీరు తగ్గి ట్యాంకరువాళ్ల మీద అన్యాయంగా మాట పడుతుంది. మొదటి కొలత: ముందు 1,412, తర్వాత 437. తేడా 975 మిల్లీమీటర్లు, 11,700 లీటర్లు. లోపల మూల పిల్లరు 30 × 30 సెంటీమీటర్లు నీటిలో చోటు తింటుంది, 0.09 చదరపు మీటర్లు తీసేస్తే 11,612.

మిగిలిన పని

డాబా మీది ట్యాంకు. అక్కడినుంచి పంపు గదికి 25 మీటర్లు, సెన్సరు ఇచ్చే టీటీఎల్ (తక్కువ వోల్టేజీ) సిగ్నలును అంత దూరం నమ్మలేం. దూరానికి సిగ్నలు మోసే మాక్స్485 మాడ్యూళ్లు రెండు, ఒక మెలిపెట్టిన జత వైరు కావాలి. సెన్సరు పంపడమే తప్ప వినదు కాబట్టి డాబా మాడ్యూల్లో డీఈని (పంపడం తెరిచే పిన్ను) 5 వోల్టులకు, కింది మాడ్యూల్లో డీఈ, ఆర్ఈ (అందుకోవడం తెరిచే పిన్ను) రెంటినీ గ్రౌండుకు శాశ్వతంగా కట్టేయొచ్చు. జత రెండు చివర్లా 120 ఓమ్‌లు ఉండాలి. చాలా మాడ్యూళ్ల మీద అది ముందే సోల్డరు చేసి ఉంటుంది, మల్టీమీటరుతో చూసుకుని పెట్టాలి. రెండో అడాప్టరు సీయూఏయూ1గా వస్తుంది. అయితే బూట్‌లో ఏది ముందు పలికితే దానికే 0 దక్కుతుంది, అడాప్టర్లను గుచ్చిన యూఎస్‌బీ పోర్టులు మార్చకూడదు. ఏ పోర్టు దేనిదో టేపు మీద రాసి ల్యాప్‌టాప్‌కు అంటించాం.